మంగళవారం పోట్లాట

మంగళవారం వచ్చిందంటే చిన్నటైలరమ్మకి ఒకటే ఆలోచన: ఇవాళ అక్కతో దేని మీద పోట్లాడాలి? ఆ వయసు వాళ్ళు గడప దాటే ముందు కళ్ళజోడు ఉందా, మందుల చీటీ ఉందా అని తడుముకుంటారు. ఈవిడ పోట్లాటకి సరుకుందా అని తడుముకునేది. పోయిన వారం కాలర్ల గొడవ అయిపోయింది. అంతకు ముందు జేబులు. ఇవాళ్టికి బొత్తాం కాజాలు ఎత్తుకుంటే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తూ జుట్టు ముడివేసుకుంటుంటే, కోడలు గుమ్మంలోంచి తొంగి చూసింది.

"అత్తయ్యా, ఇవాళ గెలుపెవరిదంటారు?"

"ఎవరిదైతే ఏంటే, నోరాడితే చాలు," అని చిన్నటైలరమ్మ చేతికర్ర అందుకుంది.

కొత్తగా వినేవాళ్ళకి ఈ అప్పచెల్లెళ్ళ మధ్య ఆస్తి తగాదాలేవో ఉన్నాయనిపిస్తుంది. అదేం లేదు. బజారు వీధిలో ఒక ఇరుకు గదిలో ఇద్దరూ కలిసి జీవితమంతా టైలరు కొట్టు నడిపారు. అక్కది కత్తెర, చెల్లెలిది మిషను. అందుకే ఒకావిడ పెద్దటైలరమ్మ, ఇంకొకావిడ చిన్నటైలరమ్మ అయ్యారు. అసలు పేర్లు మునిసిపాలిటీవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేవు. బట్ట కత్తిరించి ఇచ్చేటప్పుడు అక్క "జాగ్రత్త" అనేది. ఆ ఒక్క మాటకి చెల్లెలికి ఒళ్ళు మండేది. "నువ్వు సరిగ్గా కత్తిరించు, నా జాగ్రత్త నేను చూసుకుంటాను" అనేది ఈవిడ. అక్కడ అంటుకున్న వాదన కొట్టుకి తాళం వేసేదాకా ఆరేది కాదు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు పని అయిపోయినా వినడానికి కాసేపు కూర్చునేవారు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. పెద్దటైలరమ్మ నోరు అంత మంచిదేం కాదు. అయినా ఊరు ఆవిడకి మంచిగానే ఉండేది, ఎందుకంటే ఆవిడ కత్తిరించిన చొక్కా వేసుకుంటే బొజ్జ కనపడేది కాదు.

అలాంటి మనిషికి కిందటేడు పక్షవాతం వచ్చింది. కాలు తిరిగొచ్చింది, చెయ్యి సగం తిరిగొచ్చింది. మాట మాత్రం రాలేదు. ఆవిడ కూతురింట్లో ఉంటుంది, ఊరికి అవతలి కొసన. మునిసిపాలిటీ ఆరోగ్య కేంద్రం నుంచి మాటలు నేర్పే అమ్మాయి ఒకతె ఇంటికే వచ్చేది. బొమ్మల అట్టలు తెచ్చి, ఇది పిల్లి, ఇది కుర్చీ, ఇదేంటో మీరు చెప్పండి అని బతిమాలేది. ఊరందరి నడుముల కొలతలు నోటికి చెప్పిన మనిషిని పట్టుకుని పిల్లి బొమ్మ చూపిస్తే ఏం చెబుతుంది? మొహం గోడవైపు తిప్పుకునేది.

ఒకరోజు చిన్నటైలరమ్మ పక్కనే కూర్చుని, ఊరికే పొద్దుపోక, ఆ అమ్మాయితో అంది. "మా అక్క చేతి పని గొప్పదే గానీ, స్కూలు యూనిఫారాలకి చేతులు మాత్రం ఎప్పుడూ పొట్టిగానే కత్తిరించేది."

"అబద్ధం," అంది పెద్దటైలరమ్మ గోడవైపు నుంచి.

ఆ అమ్మాయి అట్టలు ఒళ్ళో పడేసుకుని, "అమ్మమ్మగారూ, ఇంకోటి అనండి" అంది.

చిన్నటైలరమ్మ ఇంకోటి అంది. ఇంకోటేంటి, ఒక పూటకి సరిపడా అంది. అక్క చెమటలు పట్టేలా వెతుక్కుని వెతుక్కుని, "నువ్వే... కుట్టు... వంకర" దాకా వచ్చింది. వెళ్ళేటప్పుడు ఆ అమ్మాయి వీధి గుమ్మంలో ఆగి చెప్పింది. "మందులు నా చేతిలో లేవు, బొమ్మలే ఉన్నాయి. మందు మీ దగ్గరుంది. వారం వారం రండి. మానేశారంటే మాత్రం వచ్చిన మాటలు కూడా వెనక్కి పోతాయి, అది గుర్తుపెట్టుకోండి."

ఇంట్లోవాళ్ళు పోట్లాడొచ్చు కదా అంటే, అక్క కూతురు అందుకు పనికిరాదు. మెత్తని పిల్ల. తల్లి ఏం సైగ చేసినా "అలాగేనమ్మా" అంటుంది. అన్నిటికీ అలాగే అనేవాళ్ళతో ఎవరైనా ఏం మాట్లాడగలరు?

అందుకని మంగళవారాల పోట్లాట చిన్నటైలరమ్మ నెత్తిన పడింది. నిజం చెప్పాలంటే ఆవిడకి ఇంత ఇష్టమైన బరువు ఇంకోటి లేదు.

పెద్దవాళ్ళ కోసం మునిసిపాలిటీ చాలానే పెట్టింది. నడక క్లబ్బు, కళ్ళ పరీక్షలు, ఇంటికొచ్చి కాలిగోళ్ళు తీసే నర్సు, ఇలా బోలెడు. వాటిలో చిన్నటైలరమ్మ కళ్ళకద్దుకునేది ఒక్కటే, పెద్దల బండి. తెల్లటి చిన్న వ్యాను. వెనక తలుపు తీస్తే మూలుగుతూ ఒక మడత మెట్టు నేలదాకా దిగుతుంది. మోకాళ్ళు అరిగిపోయిన చిన్నటైలరమ్మ కూడా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కగలదు. ఆవిడ ఇల్లేమో ఎత్తు మీద, మలుపులు తిరిగిన ఇరుకు సందులో ఉంది. టాక్సీవాళ్ళు చేతికందనంత డబ్బు గుంజి, సందు మొగలోనే దించేసి చేతులెత్తేస్తారు. పెద్దల బండి మాత్రం గుమ్మం ముందుకొచ్చి ఆగుతుంది. దాన్ని నడిపేవాణ్ణి అందరూ నిదానం అంటారు. ఎందుకంటారో అతని వెనక కారు నడిపిన ఎవర్నడిగినా చెబుతారు.

ఆ మంగళవారం చిన్నటైలరమ్మ బండెక్కేసరికి లోపల వాతావరణం బాగాలేదు. లెక్కల మాస్టారు కిటికీ పక్కన మూతి ముడుచుకుని కూర్చున్నాడు. రిటైరై ఎన్నాళ్ళయినా ఆయన జేబులో సుద్దముక్క ఉంటుంది. ఎదురు సీట్లో నర్సమ్మ. ఆవిడ ఆస్పత్రిలో పనిచేసి రిటైరైంది గానీ కనపడ్డవాళ్ళ నాడి పట్టుకోవడం మానలేదు.

"ఏమైంది? ఎవరన్నా పోయారా?" అంది చిన్నటైలరమ్మ.

"బండే పోయేలా ఉంది," అంది నర్సమ్మ. "ఎక్కేవాళ్ళు తక్కువట. నెలాఖరుకి లెక్క చూసి తీసేస్తారట. సంక్షేమం మేడమ్ చెప్పింది."

సంక్షేమం మేడమ్ అంటే మునిసిపాలిటీలో పెద్దల సంక్షేమం చూసే ఆఫీసరు. మంచి మనిషే. అందరినీ పేరుపేరునా పలకరిస్తుంది. కాకపోతే ఆవిడ పైన కౌన్సిలుంది, కౌన్సిలుకి మనుషులు కనపడరు, అంకెలు కనపడతాయి.

బండి లేకపోతే మంగళవారం లేదు. మంగళవారం లేకపోతే అక్క నోట్లో మాట లేదు. చిన్నటైలరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కాజాల సంగతే మర్చిపోయింది.

"ఆ అంకె ఎలా లెక్కపెడతారు?" అని ఉన్నట్టుండి అడిగాడు మాస్టారు.

నిదానం తన సీటు పక్కన కట్టి ఉన్న చిన్న మీట చూపించాడు. "ఒకళ్ళెక్కితే ఒక నొక్కు. అంతే."

"దిగి మళ్ళీ ఎక్కితే?"

"మళ్ళీ ఒక నొక్కు."

"ఎందుకు దిగారు, ఎందుకెక్కారు అని అడుగుతావా?"

"అది నా పని కాదు మాస్టారూ. ఎక్కితే నొక్కుతాను, ఎక్కకపోతే నొక్కను. దొంగ నొక్కు మాత్రం నా చేత నొక్కించలేరు."

మాస్టారి మొహంలో వెలుగొచ్చింది. పరీక్ష పేపరు కష్టంగా ఇచ్చినప్పుడు వచ్చే వెలుగది. "అంటే మన దగ్గర మనుషులు తక్కువున్నా ఫరవాలేదు. ఎక్కడాలు ఎక్కువుంటే చాలు. టైలరమ్మా, మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

"ఏడుస్తున్నాయి."

"ఈ నెల ఓర్చుకోమనండి."

ఆ రోజు నుంచీ పెద్దల బండి ఆగిన చోటల్లా ఒక తంతు నడిచింది. ఆరోగ్య కేంద్రం ముందు ఆగితే అందరూ దిగేవారు. తలుపు మీదున్న బోర్డు ఒకసారి చదివి అందరూ ఎక్కేవారు. నిదానం నొక్కుకుంటూ పోయేవాడు. గ్రంథాలయం దగ్గర దిగి, మెట్ల మీద కూర్చున్న పిల్లిని పలకరించి, మళ్ళీ ఎక్కేవారు. పార్కు గేటు ముందు దిగి, గాలి ఒక గుక్క పీల్చి, ఎక్కేవారు. దారినపోయేవాళ్ళు నిలబడి చూసేవారు. బండి చెడిపోయిందనుకుని ఒక పెద్దమనిషి తోయడానికి కూడా వచ్చాడు. నర్సమ్మ ఆయన్ని కూడా ఎక్కించేసింది.

చిన్నటైలరమ్మ ఎక్కి దిగీ దిగి ఎక్కీ రాత్రిళ్ళు మోకాళ్ళకి వేడినీళ్ళ సీసా పెట్టుకుని పడుకునేది. కోడలు మందలిస్తే, "కష్టపడందే ఏదొస్తుందే" అని నోరు మూయించేది. ఒక్కోసారి మెట్టు మీద నిలబడి, కిందికి దిగాలా పైకెక్కాలా తెలీక ఒక క్షణం ఆగిపోయేది. వెనకనుంచి మాస్టారు "ఎక్కడం, ఎక్కడం" అని గుర్తుచేసేవాడు.

నర్సమ్మ అక్కడితో ఆగలేదు. నడక క్లబ్బు మీద పడింది. పొద్దున్నే పార్కు చుట్టూ తిరిగే వాళ్ళని నిలబెట్టి, ఒంట్లో బలముంటే చాలదు, మనసులో జాలి కూడా ఉండాలి అని ఉపన్యాసమిచ్చింది. మర్నాటి నుంచి నడక క్లబ్బువాళ్ళు నడక మానేసి బండెక్కారు. పార్కుకి ఒక ట్రిప్పు, పార్కు నుంచి ఒక ట్రిప్పు. వాళ్ళలో ఒకాయనకి హాయిగా అనిపించి క్లబ్బుకి రాజీనామా కూడా చేసేశాడు.

ఈ హడావిడిలోనూ మంగళవారాలు మాత్రం తప్పలేదు. కాజాలు అయ్యాయి, అంచుకుట్లు అయ్యాయి, లైనింగు అయింది. అక్క ఇప్పుడు రెండు మూడు మాటలు కలిపి అనగలుగుతోంది. ఒకసారి "నీకు... కళ్ళు... లేవు" అని వేలు చూపించి మరీ తిట్టింది. చిన్నటైలరమ్మ ఆ తిట్టుని ఇంటికొచ్చి కోడలికీ కొడుక్కీ చెప్పుకుని మురిసిపోయింది.

నెలాఖరు వచ్చింది. సంక్షేమం మేడమ్ స్వయంగా బండి దగ్గరికొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"మీ అందరికీ ఒక శుభవార్త. ఇంతమంది వాడుతున్నారని మేం కలలో కూడా అనుకోలేదు. కౌన్సిల్లో అంకెలు చదువుతుంటే చప్పట్లు కొట్టారు. నా ఉద్యోగంలో నాకు చప్పట్లు కొట్టడం ఇదే మొదలు." ఆవిడ చేతిలో కాగితం తిరగేసింది. "అందుకని బండి తీసెయ్యడం లేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారు లేచి నిలబడబోయి తల పైకప్పుకి కొట్టుకున్నాడు.

"ఇంతమందికి ఈ చిన్న బండేం సరిపోతుంది? వచ్చే వారం నుంచి మీకు పెద్ద బస్సు వేస్తున్నాం. ఈ బండిని కొత్త కాలనీకి పంపిస్తున్నాం."

ఇంకా చప్పట్లు కొట్టారు. పెద్ద బస్సంటే ఎవరికి చేదు? చప్పట్ల మధ్యలో నిదానం ఒక్కడే గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, పెద్ద బస్సు సందుల్లోకి ఎలా తిరుగుతుంది?"

"సందుల్లోకి ఎందుకు? మెయిన్ రోడ్డు మీద ఆగుతుంది. మనవాళ్ళు నాలుగడుగులు నడిచొస్తారు. నడక క్లబ్బు అంత చురుగ్గా ఉంది కదా."

చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చివరిదాకా కొట్టింది చెవుడున్న ఒకాయన మాత్రమే.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. బండిలో ఎవరో ఆ మాట అననే అన్నారు, కొందరు నవ్వారు కూడా. చిన్నటైలరమ్మకి నవ్వు రాలేదు. ఆవిడ లెక్కలో ఊడబోతున్నది అక్క నాలుక. ఎవరో పై నుంచి చేసిన పని కూడా కాదిది. తన అరిగిపోయిన మోకాళ్ళతో తానే ఎక్కి ఎక్కి తెచ్చుకున్న పెద్ద బస్సు.

మరుసటి మంగళవారం ఆవిడ పంతం కొద్దీ బయలుదేరింది. కోడలు ఒక పక్క, కర్ర ఒక పక్క, ఆగి ఆగి సందు దిగింది. బస్సు నిగనిగలాడుతూ వచ్చి ఆగింది. లోపల మెత్తని సీట్లు, చల్లని గాలి, అన్నీ ఉన్నాయి. మడత మెట్టు మాత్రం లేదు. మొదటి మెట్టు ఆవిడ మోకాలికి పైనుంది. కాలెత్తి చూసింది, రెండో కాలు ఎత్తి చూసింది. ఎక్కి ఎక్కి వాచిన మోకాళ్ళు ససేమిరా అన్నాయి. బస్సు కాసేపు మర్యాదగా ఆగి, అంతకంటే మర్యాదగా వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి ఫోను చేసింది. అక్క కూతురు ఎత్తి, "పిన్నీ, అమ్మ పొద్దుటినుంచీ గుమ్మం వైపే చూస్తోంది" అంది. ఫోను అక్క చెవి దగ్గర పెట్టమంది చిన్నటైలరమ్మ. "అక్కా, నువ్వు కత్తిరించిన ఒక్క జాకెట్టైనా ఒంటికి సరిగ్గా కూర్చుందా చెప్పు" అని అంటించి చూసింది. అవతల ఊపిరి వినపడింది. ఇంకాసేపు ఊపిరే వినపడింది. తర్వాత అక్క కూతురు గొంతే వచ్చింది. "ఫోను తోసేసింది పిన్నీ. మాట వెతుక్కుంటుంటే అవతలివాళ్ళకి కనపడదని ఉక్రోషం అనుకుంటాను. ఎవరు చేసినా ఇంతే."

ఆదివారం కొడుకు సెలవు చూసుకుని, పక్కింటి వాళ్ళ సాయంతో ఆవిణ్ణి దాదాపు ఎత్తుకుని తీసుకెళ్ళాడు. అక్కడ ఇంటినిండా జనం. అల్లుడు, అల్లుడి తమ్ముడు, పిల్లలు, పిల్లల స్నేహితులు. అల్లుడి తరఫువాళ్ళ ముందు అక్క ఎప్పుడూ మహా మర్యాదస్తురాలు. ఒళ్ళో చేతులు పెట్టుకుని, పొందిగ్గా తల ఊపుతూ కూర్చుంది. చిన్నటైలరమ్మ చెవిలో లైనింగు సంగతి ఊదినా పలకలేదు. నోరు తెరిచి ఏదో అనబోయి, అల్లుడు ఇటు తిరగగానే మూసేసుకుంది.

ఇంకో మంగళవారం కూడా అలాగే పోయింది. సాయంత్రం మాటలు నేర్పే అమ్మాయి ఫోను చేసింది. నిన్న మొన్నటిదాకా అన్న మాటలు కొన్ని ఇవాళ రావడం లేదని, వెతుక్కోవడం కూడా మానేస్తోందని చెప్పింది. చిన్నటైలరమ్మ ఫోను పెట్టేసి చాలాసేపు మిషను ముందు కూర్చుంది. కుట్టడానికి ఏమీ లేదు. ఊరికే చక్రం మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. చిన్నప్పటినుంచీ ఎవరి మాట ఎప్పుడు ఆగుతుందా అని ఎదురుచూసిందో, ఆ మాట ఆగిపోతుందేమోనని ఇప్పుడు భయమేసింది.

మర్నాడు నర్సమ్మ ఎక్కడినుంచో ఒక చక్రాల కుర్చీ పట్టుకొచ్చింది. సంక్షేమం ఆఫీసు మెయిన్ రోడ్డు మీద, సందుకి దగ్గర్లోనే ఉంది. నర్సమ్మ ముందు నడిచి దారి చూపిస్తే, లెక్కల మాస్టారు కుర్చీ వెనక పట్టుకుని బ్రేకు పాత్ర పోషించాడు. సగం దూరం కుర్చీయే మాస్టారిని లాక్కెళ్ళింది.

"మాస్టారూ, నెమ్మది. నేను ఆఫీసుకే వెళ్ళాలి, ఆస్పత్రికి కాదు," అంది చిన్నటైలరమ్మ.

"వాలుని తక్కువ అంచనా వేశాను," అన్నాడు మాస్టారు ఒగరుస్తూ.

సంక్షేమం మేడమ్ వాళ్ళని చూసి ఎదురొచ్చింది, కుర్చీలు వేయించింది. చిన్నటైలరమ్మ మంచినీళ్ళు కూడా తాగకుండా ఉన్నదున్నట్టు చెప్పేసింది. బోర్డులు చదవడం, పిల్లిని పలకరించడం, నడక క్లబ్బు, ఏదీ దాచలేదు.

మేడమ్ మొహంలో వెలుగు మెల్లిగా తగ్గింది. "అంటే ఆ ఎక్కినవాళ్ళందరూ మీరేనా?"

"లెక్క తప్పు కాదు మేడమ్," అన్నాడు మాస్టారు. "ప్రతి ఎక్కడమూ నిజమైన ఎక్కడమే."

"మాస్టారూ, నాకు చప్పట్లు కొట్టారండి." మేడమ్ కుర్చీలో వెనక్కి వాలింది. కోపం కంటే అవమానమే ఎక్కువ కనపడింది. "ఇప్పుడు అదే కౌన్సిలుకి వెళ్ళి, మా పెద్దవాళ్ళు దిగుడూ ఎక్కుడూ ఆడుకున్నారు, బస్సు వెనక్కి తీసుకుని బండి ఇప్పించండి అని ఏ మొహంతో అడగను? తర్వాతి సమావేశానికి చూద్దాం. అప్పటికి ఏదో ఒకటి చేస్తాను."

"అప్పటిదాకా మా అక్క ఆగలేదమ్మా," అంది చిన్నటైలరమ్మ.

మేడమ్ జవాబు చెప్పేలోపు బల్ల మీద ఫోను మోగింది. అది పెద్దల ఫిర్యాదుల ఫోను. దాన్ని స్పీకరులో పెట్టి మాట్లాడటం ఆ ఆఫీసు పద్ధతి, పక్క బల్ల మీది గుమాస్తా విని రాసుకోవాలి కనుక. మేడమ్ మీట నొక్కి, "చెప్పండి, పెద్దల సంక్షేమం" అంది.

అవతల ఏమీ లేదు. ఊపిరి మాత్రం ఉంది.

"హలో, చెప్పండి." కాసేపాగి, "లైను సరిగ్గా లేనట్టుంది" అని మేడమ్ పెట్టెయ్యబోయింది.

"పెట్టకండి," అంది చిన్నటైలరమ్మ. మిషను చప్పుళ్ళ మధ్య పక్కనే కూర్చుని జీవితమంతా విన్న ఊపిరి అది. ఆవిడ రెండు చేతులూ బల్ల అంచు మీదికి వచ్చేశాయి.

"బండి," అంది ఫోనులో గొంతు.

"ఏ బండమ్మా?"

"చిన్న... బండి. రావడం... లేదు."

"అమ్మా, దాని బదులు ఇప్పుడు పెద్ద బస్సు వేశామండి. మెత్తటి సీట్లు, ఏసీ, అంతా మీ సౌకర్యం కోసమే."

"సౌకర్యం... ఎవరికి?"

గుమాస్తా రాయడం ఆపి తలెత్తాడు. మేడమ్ ఉద్యోగంలో నేర్చుకున్న మెత్తని గొంతు తీసింది. "అలాగేనమ్మా. మీ ఫిర్యాదు రాసుకున్నాం. తప్పకుండా చూస్తాం."

అవతల మాట ఆగిపోయింది. చిన్నటైలరమ్మ కుర్చీలోంచి ముందుకి వంగి మేడమ్ మోచెయ్యి పట్టుకుంది.

"అలాగే అనకండి," అంది గుసగుసగా. "కాదనండి."

"ఏంటమ్మా?"

"అది మా అక్క. అలాగే అంటే ఆగిపోతుంది. కాదంటేనే మాట్లాడుతుంది. మీకు దండం పెడతాను, కాదనండి."

మేడమ్ ఇంత సర్వీసులో ఎవర్నీ మొహం మీద కాదని ఎరగదు. మాస్టారి వైపు చూసింది, నర్సమ్మ వైపు చూసింది. ఇద్దరూ గట్టిగా తల ఊపారు. ఆవిడ ఫోను వైపు వంగి, కొంచెం భయపడుతూనే అంది. "అలా కుదరదమ్మా. ఒక్క మనిషి కోసం బండి తిప్పమంటే ఎలా?"

"మనిషి... కాదు." ఊపిరి బరువుగా వినపడింది. "నా... చెల్లెలు."

"అయితే మీ చెల్లెలిని బస్సులో రమ్మనండి."

"దానికి... మోకాళ్ళు... నొప్పి. మెట్టు... ఎత్తు. నీకు... తెలీదా?"

"తెలిస్తే మాత్రం ఏం చెయ్యమంటారు? వారం మానేస్తే ఏమవుతుంది?" మేడమ్ గొంతులో ఇప్పుడు భయం తగ్గింది.

ఈసారి మాట రావడానికి చాలాసేపు పట్టింది. వెనక అక్క కూతురు "అమ్మా, నేను చెప్పనా" అనడం, చేత్తో బల్ల మీద కొట్టి వద్దన్న చప్పుడు, అన్నీ స్పీకరులో వినపడ్డాయి.

"నేను... దాని కోసం... ఎదురు... చూస్తుంటాను."

చిన్నటైలరమ్మ కళ్ళజోడు తీసేసింది. ఒంట్లో బాగున్న రోజుల్లో కూడా ఆ మాట అక్క నోటివెంట రాలేదు. వస్తే ఎలా ఉంటుందో అని ఈవిడ కూడా ఎప్పుడూ అనుకోలేదు. కత్తిరించిన బట్ట చేతిలో పెట్టి జాగ్రత్త అనడం, దానికి ఈవిడ గయ్యిమనడం, అంతవరకే వాళ్ళకి తెలుసు. ఇప్పుడు ఒక ఆఫీసు గదిలో, ఫోనంటే గిట్టని మనిషి ఫోనులో, అందరూ వింటుండగా చెప్పేసింది. చెల్లెలు వింటోందని మాత్రం తెలీదు.

మేడమ్ చటుక్కున తలవంచుకుంది. ఫిర్యాదుల కాగితం పక్కకి తోసి, తన పేరు అచ్చువేసిన తెల్ల కాగితం ఒకటి లాక్కుని, చప్పట్ల సంగతి తర్వాత చూసుకుందాం అని గొణుక్కుంటూ కలం మూత తీసింది. "సరేనమ్మా, వచ్చే మంగళవారం నుంచి..." అని మొదలుపెట్టింది.

చిన్నటైలరమ్మ తడి చెయ్యి ఆ కాగితం మీద పడింది.

"అప్పుడే ఒప్పుకోకండి మేడమ్," అంది. "బండి ఎక్కడికీ పోదు. ఇంకాసేపు కాదనండి."

మేడమ్ కలం పట్టుకుని ఆవిడ మొహంలోకి చూసింది. తర్వాత గొంతు సవరించుకుని, ఫోనుకి దగ్గరగా జరిగి, ఉన్నంత కరుకుదనమంతా కూడదీసుకుంది.

"కుదరదంటే కుదరదమ్మా."

"ఎందుకు కుదరదు నీకు?" అంది పెద్దటైలరమ్మ. ఆ మాట మధ్యలో ఎక్కడా ఆగలేదు.